టిఫిన్ డబ్బా లేని బడి చరిత్ర

గత సంవత్సరం హైదరాబాదులో ఒక ప్రైవేటు డే స్కూలు వాళ్లు నన్ను పిలిపించారు. బడి పెట్టి యాభై ఏళ్లవుతోందట. సావనీరు వేస్తున్నారట. "మీరు లిటరేచర్‌లో డాక్టరేట్ కదా మేడమ్, మా స్కూలు చరిత్ర చక్కగా రాసిపెట్టండి" అన్నారు. అప్పటికి నా ఫెలోషిప్ అయిపోయి నాలుగు నెలలైంది. ఒప్పుకున్నాను. వాళ్లిచ్చిన డబ్బు కూడా తీసుకున్నాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

అట్టపెట్టెల్లో పాత అడ్మిషన్ రిజిస్టర్లు, వార్షికోత్సవాల ఫోటోలు, అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థుల జాబితా ఇచ్చారు. అవి చాలవని ఆయమ్మలతో, పాత టీచర్లతో, పిల్లల తల్లులతో రెండు నెలలు మాట్లాడాను. అయిదు అధ్యాయాలు రాశాను. వ్యవస్థాపకులు, భవనాలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు... అయిదోదాని పేరు 'ఎనిమిది గంటలకి ముందు'. సావనీరులో నాలుగే వచ్చాయి. "పండగ పుస్తకంలో టిఫిన్ డబ్బాల గొడవెందుకు మేడమ్? కావాలంటే అమ్మలకి థాంక్స్ చెప్తూ ఒక పేజీ వేద్దాం, మంచి కొటేషన్‌తో" అన్నారు కమిటీలో పెద్దాయన. ఆ పేజీ వేశారు కూడా, గులాబీ రంగు కాగితం మీద.

వాళ్లు తీసేసిన అధ్యాయంలోని సంగతి ఇక్కడ చెప్తాను. ఆ ఒక్క బడి మీద కోపంతో కాదు. మన దగ్గర బడుల చరిత్రలన్నీ ఇలాగే ఉంటున్నాయి గనక.

ఆ బడి మొదట్లో 'ప్రిపరేటరీ స్కూల్' అన్న బోర్డుతో ఒక అద్దె బంగళాలో మొదలైంది. పెద్ద పబ్లిక్ స్కూళ్ల ప్రవేశ పరీక్షలకి పిల్లల్ని తయారుచేయడం దాని పని. తయారుచేయడం! ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను. పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గరికి వచ్చే పిల్ల అప్పటికే తయారై ఉంటుంది. తలంటి, జడలు వేసి, యూనిఫాం ఇస్త్రీ చేసి, బూట్లకి పాలిష్ పెట్టి, నిన్నటి హోంవర్కు చేయించి, డైరీలో సంతకం పెట్టి, చిన్న విరామానికి ఒక డబ్బా, మధ్యాహ్నానికి ఇంకో డబ్బా సర్ది పంపిన మనిషి ఒకరున్నారు కదా? హాస్టలున్న బడిలో ఈ పనులకి వార్డెన్, వంటవాళ్లు, చాకలి, మేట్రన్ ఉంటారు. వాళ్ల జీతాలు బడి లెక్కల్లో కనపడతాయి. డే స్కూలు ఆ ఖర్చంతా ఇంటికి తోసేసింది. ఇంటికి అంటే అమ్మకి. డే స్కూలు ఫీజు హాస్టలు ఫీజు కంటే తక్కువ కావడంలోని రహస్యం ఇదే. ఆ తగ్గిన డబ్బు అమ్మ చాకిరీలోంచి వచ్చింది.

ఇది నా ఊహ కాదు. ప్రభుత్వం 2024లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి పెడుతుంటే, ఇంటిపని చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. పిల్లల్ని, ముసలివాళ్లని చూసుకోవడం ఇందులో లేదు. అది వేరే పద్దు. అక్కడా తేడా అంతే స్పష్టంగా ఉంది.

ఈ నగరంలో 'పెద్ద బడి' అనగానే అందరూ చెప్పేది బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. 1923లో ఏడో నిజాం కాలంలో జాగీర్దార్ కాలేజీగా, జాగీర్దార్ల కొడుకుల కోసం అది పుట్టింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1951లో బడికి కొత్త పేరు వచ్చింది. పబ్లిక్ అని పేరైతే పెట్టారుగానీ 1980ల చివరిదాకా బేగంపేట బడిలో ఆ 'పబ్లిక్'లో ఆడపిల్లలు లేరు. 2007లో అడోబీకి, 2014లో మైక్రోసాఫ్ట్‌కి, 2023లో ప్రపంచ బ్యాంకుకి అధిపతులైన ముగ్గురూ అక్కడ చదువుకున్నారని పేపర్లన్నీ మురిసిపోయి రాశాయి. రాయనివ్వండి. ఆ ముగ్గురూ మగవాళ్లే కావడం మాత్రం యాదృచ్ఛికం కాదు. వాళ్ల తరంలో ఆ గేటు ఆడపిల్లలకి తెరుచుకోలేదు. జాగీరు అంటే ఏమిటో, ఆ శిస్తులు ఎవరి వెట్టిలోంచి వచ్చాయో 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

జాగీర్దార్ కాలేజీ కంటే ముందే, 1907లో, ఆరో నిజాం కాలంలో ఇదే నగరంలో మహబూబియా బాలికల పాఠశాల వచ్చింది. గొప్పింటి ఆడపిల్లలు ఘోషా పాటిస్తూనే ఇంగ్లీషు చదువు చదువుకోవడానికి పెట్టిన బడి. గన్‌ఫౌండ్రీలో ఈనాడది ప్రభుత్వ విద్యాసంస్థ. మామూలు ఇళ్ల ఆడపిల్లలు చదువుకుంటున్నారు. దొరల కొడుకుల బడి ప్రైవేటు వైభవంగా నిలబడింది, దొరల కూతుళ్ల బడి సర్కారు బడి అయింది. నా వరకు రెండోదే గౌరవమైన ప్రయాణం. కానీ సావనీర్లు, పూర్వ విద్యార్థుల విందులు, పత్రికల్లో పేజీలు మొదటిదానికే దక్కుతాయి.

చదువు కోసం ఇంటి డబ్బు ఎవరి మీద ఖర్చవుతుందన్న ప్రశ్న కొత్తది కాదు. ఇంగ్లీషు మధ్యతరగతి ఇళ్లలో కొడుకు చదువు నిధిలోకి అక్కచెల్లెళ్ల వాటా ఎలా కరిగిపోయిందో వర్జీనియా వుల్ఫ్ 1938లో 'త్రీ గినీస్'లో లెక్క తేల్చింది. మన భండారు అచ్చమాంబ బడికెళ్లి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తన ఇంట్లో ఉండి చదువుకుంటున్నప్పుడు, అతని చదువు పక్కన కూచుని నేర్చుకుంది. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసిన మనిషి చదువు అలా సాగింది! తమ్ముడు చదువుకోవడానికి తిండీ నీడా ఇచ్చిన ఇల్లు ఆమెది. ఆ ఇల్లు నడిపిన శ్రమ ఏ విద్యా చరిత్రలో ఉంది?

మా ఇంటికి వస్తాను. 1990ల చివర్లో మా జిల్లా కేంద్రంలో తమ్ముణ్ని ప్రైవేటు ఇంగ్లీషు మీడియం డే స్కూల్లో వేశారు. నన్ను ప్రభుత్వ బాలికల పాఠశాలలో వేశారు. "ఇద్దర్నీ అయితే నా జీతం చాలదు" అన్నాడు నాన్న. జీతం చాలని మాట నిజం. ఎవరికి చాలాలో ఎంచుకున్నది కూడా అంతే నిజం. అమ్మ నాలుగున్నరకి లేచేది. తమ్ముడి వ్యాను ఏడుంబావుకి. వాడి డబ్బాలో ఏ రోజు ఏం ఉండాలో బడి వాళ్లు కాగితం అచ్చేసి పంపేవాళ్లు. సోమవారం చపాతీ, మంగళవారం ఇడ్లీ, వాసన వచ్చే కూరలు వద్దు. ఆ చివరి ముక్క చదివి అమ్మ ఎండుచేపలు వండటం ఆదివారానికి మార్చుకుంది. రాత్రిపూట వాడి పుస్తకాలకి ఖాకీ అట్టలు వేసేదాన్ని, లేబుళ్లు అంటించేదాన్ని, థర్మాకోల్‌తో వాడి సౌరకుటుంబం నేనే చేశాను. దానికి వాడికి మొదటి బహుమతి వచ్చింది. ఆ బడి గడప నేనొక్కసారి తొక్కాను. వాడి బహుమతి చూడ్డానికి.

తమ్ముడి మీద నాకు కోపం లేదు. నా బడి నాకు తక్కువా చేయలేదు. నాకు లైబ్రరీ బీరువా తాళంచెవి ఇచ్చిన తెలుగు టీచర్ అక్కడే దొరికింది. నేను అడిగేది ఒకటే. ఆ ప్రైవేటు బడి చరిత్ర ఎవరైనా రాస్తే అందులో మా అమ్మ ఎక్కడుంటుంది?

అడ్మిషన్ ఫారంలో ఉంటుంది. 'తల్లి విద్యార్హత' అని ఒక గడి ఉంది చూశారా, అందులో! నేను తిరగేసిన రిజిస్టర్లలో మొదటి పదేళ్లూ ఆ గడి లేదు. తర్వాత వచ్చింది. "అమ్మ గ్రాడ్యుయేట్ కాకపోతే సీటు కష్టం అనేవాళ్లం" అని ఒక రిటైర్డ్ టీచర్ దాచుకోకుండా చెప్పింది. సాయంత్రం పాఠం మళ్లీ చెప్పాల్సింది ఆ అమ్మేగా మరి. చదువుకున్న స్త్రీ మంచి తల్లి అవుతుందని పంతొమ్మిదో శతాబ్దపు సంస్కర్తలు వాదించారు. ఆ వాదనని ప్రైవేటు బడి చక్కగా వాడుకుంది. మనం డిగ్రీలు చదివింది జీతం లేని ట్యూషన్ టీచర్లం కావడానికన్నమాట! 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్, బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ వడపోయకూడదంది. ఇంటర్వ్యూ అన్న పేరు పోయి ఇంటరాక్షన్ అన్న పేరు వచ్చింది. గడి మాత్రం అలాగే ఉంది.

బడి లోపల కూడా ఆడవాళ్లే. ఆ చిన్న తరగతుల టీచర్లందరూ స్త్రీలు. "ఇంటి దగ్గరే కదా, పిల్లలతోపాటు వెళ్లి రావచ్చు" అన్న సౌకర్యాన్ని జీతంలో కోసేస్తారు. సంతకం పెట్టిన అంకె ఒకటి, చేతికొచ్చిన అంకె ఇంకొకటి అని ముగ్గురు చెప్పారు, పేరు రాయొద్దంటూ. ఫీజు రాబడిలో సగం సిబ్బంది జీతాలకి పోవాలని 1994 నాటి ఒకటో నెంబరు జీవో చెప్తోంది. దాన్ని చదివిన టీచర్ నాకు ఒక్కరూ తగల్లేదు. కరోనా కాలంలో బడులు మూతపడితే ఎంతోమంది ప్రైవేటు టీచర్ల జీతాలు ఆగిపోయాయి. 2021 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకి నెలకి రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది. అదే కాలంలో బడి అమ్మ వంటింట్లోకే వచ్చి కూచుంది. పోపు వేస్తూ ఫోను పట్టుకుని క్లాసు నడిపింది ఎవరు? ఆ రెండేళ్లూ సావనీరులో 'డిజిటల్ విప్లవం' అన్న శీర్షిక కింద ఉన్నాయి.

ముప్పై ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఆయమ్మని మీ పేరు పుస్తకంలో రాస్తానంటే, "మా పేర్లెందుకు బిడ్డా, మేమేమన్న సదివినోళ్లమా?" అంది. ఆమె మనవరాలు సర్కారు బడికి పోతుంది.

అమ్మలందరూ ఒకటేనని నేననడం లేదు. ఆ బడి పిల్లల తల్లుల్లో కొందరు డబ్బాపని ఇంకో ఆడమనిషి మీదికి నెట్టగలరు. ఆ ఆడమనిషి ఎక్కువసార్లు దళిత స్త్రీయో, బీసీ స్త్రీయో అవుతుంది. వాళ్ల పిల్లలు మధ్యాహ్నం తినేది ప్రభుత్వ బడి భోజనం. ఆ భోజనం వండే ఆడవాళ్లకి ఇచ్చేది చాలా తక్కువ, అదీ సమయానికి రాదు. అయినా ఒక తేడా ఉంది. అక్కడ వంట పనిగా లెక్కలోకి వచ్చింది. అందుకే వాళ్లు సంఘం పెట్టుకోగలిగారు, జీతం పెంచమని రోడ్డెక్కగలిగారు. డే స్కూలు డబ్బా కట్టే అమ్మ ఎవరి మీద సమ్మె చేస్తుంది?

"ప్రేమతో చేసే పనికి లెక్కలేమిటి?" అని కొందరు స్నేహితురాళ్లే అడిగారు. ప్రేమ ఉంది. కాదనను. అయితే ఆ ప్రేమకి వ్యాను టైము, డబ్బా పట్టిక, డైరీ సంతకం, ఆలస్యమైతే జరిమానా ఎవరు పెట్టారు? టైం టేబుల్ వేసి, తనిఖీ చేసి, తప్పుపట్టేదాన్ని ఉద్యోగం అంటారు. "ఆ బళ్ల వల్లే కదా మా కూతుళ్లు పైకొచ్చారు" అన్నది రెండో మాట. అదీ నిజమే. కూతుళ్లు పైకి రావడానికి అమ్మ కింద ఉండిపోవాలన్న షరతు ఎందుకుండాలన్నదే నా తగువు. మధ్యాహ్న భోజనం బడిలోనే పెట్టొచ్చు, ఫీజులో చూపించి, వండినవాళ్లకి సరైన జీతమిచ్చి. హోంవర్కు బడిలోనే చేయించొచ్చు. తల్లి విద్యార్హత గడి రేపే కొట్టేయొచ్చు. చరిత్ర రాసేటప్పుడు రిజిస్టర్లతోపాటు వంటిళ్లు కూడా చూడొచ్చు.

సావనీరు ప్రతి ఒకటి నాకూ పంపారు. గులాబీ పేజీ మీద ఎవరో కవి మాట, కింద పువ్వు బొమ్మ. మా అమ్మ తిరగేసి చూసి, "బాగానే వేశార్లే" అంది. కాసేపాగి, "ఎండుచేపల సంగతి రాశావా?" అని అడిగింది.

రాశానమ్మా. వాళ్లు వేయలేదు. ఇక్కడ వేయిస్తున్నాను.