పాత్ర గోడ ద్వారా పాల పరీక్ష: క్షేత్రస్థాయి క్రమాంకనమే కీలకం

పాల సేకరణ కేంద్రంలో రైతుకు లభించే ధర కొవ్వు శాతంపైన, కొవ్వేతర ఘనపదార్థాలపైన ఆధారపడి ఉంటుంది. గెర్బర్ పద్ధతితో పాటు నేడు అతిధ్వని తరంగాలతో పనిచేసే యంత్రాలు కూడా వాడుకలో ఉన్నాయి. ఇవి ధ్వనిని పాల గుండానే పంపి కొలుస్తాయి. మరొక మార్గం కూడా ఉన్నది. తరంగాన్ని పాత్ర గోడలో గానీ, పాలలో ముంచిన లోహపు కడ్డీలో గానీ నడిపి, ఆ ఘనపదార్థంలో తరంగం పొందే మార్పును బట్టి ద్రవ గుణాలను గ్రహించవచ్చును. గోడకు వెలుపల సెన్సారును అమర్చితే పాలను తాకవలసిన పని లేదు. ఈ పద్ధతి ప్రోత్సహించదగినదే. అయితే దాని పరిమితులను గుర్తించకుండా రైతు ముంగిటకు తీసుకుపోవడం సమంజసం కాదు.

తరంగానికి పాలు తెలియవు. గోడలో నడిచే కొన్ని తరంగాలు తమ శక్తిలో కొంత భాగాన్ని ద్రవంలోకి విడిచిపెడతాయి. ఆ నష్టం ద్రవ సాంద్రతపైన, అందులోని ధ్వని వేగంపైన ఆధారపడి ఉంటుంది. కడ్డీని మెలిపెట్టే తరంగం తన వెంట పలుచని ద్రవపు పొరను లాగుతుంది. అక్కడ ద్రవ స్నిగ్ధత ముఖ్యం. ఈ సూత్రంతో 1947లోనే డబ్ల్యు. పి. మేసన్ మెలితిరిగే స్ఫటికాన్ని ఉపయోగించి ద్రవాల స్నిగ్ధతను కొలిచారు.

చిక్కు కూడా ఇక్కడే ఉన్నది. 1 మెగాహెర్ట్జ్ వద్ద ఆ పొర మందం నీటిలో సుమారు అర మైక్రాను మాత్రమే. అనగా పాత్ర నిండా పాలున్నప్పటికీ ఈ తరంగం గ్రహించేది గోడను అంటుకొన్న పొరనే. సరిగా కడగని గోడపై మిగిలిన కొవ్వు జిడ్డు, పాల గార, పైకి తేలిన మీగడ కొలతను తప్పుదారి పట్టించగలవు.

రెండవ చిక్కు ఉష్ణోగ్రత. నీటిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 1482 మీటర్లు, 30 డిగ్రీల వద్ద సుమారు 1509 మీటర్లు. పాల కొవ్వులో ఇందుకు విరుద్ధంగా వేడితో పాటు వేగం తగ్గుతుంది. కావున అప్పుడే పితికిన పాలకు, వరుసలో వేచి చల్లారిన పాలకు ఒకే సవరణ చాలదు. ఆవు పాలతో సరిచూసిన యంత్రం గేదె పాలకు న్యాయం చేస్తుందని భావించడానికి కూడా వీలు లేదు.

ఈ దృష్ట్యా మూడు పనులు చేపట్టవలసి ఉన్నది. మొదటిది, గేదె పాలకు, ఆవు పాలకు, రెండూ కలిసిన పాలకు వేర్వేరుగా, వివిధ ఉష్ణోగ్రతల వద్ద క్రమాంకనం చేయాలి. రెండవది, ప్రతి పూట సేకరణకు ముందు శుభ్రమైన నీటితో యంత్రాన్ని సరిచూడాలి. నీటి కొలత మారితే గోడ శుభ్రంగా లేదనో, సెన్సారు కదిలిందనో అనుమానించాలి. మూడవది, సందేహం కలిగినప్పుడు గెర్బర్ పరీక్ష కోరే హక్కు రైతుకు ఉండాలి.

విద్యార్థులు కొత్త సెన్సారు రూపకల్పనపై చూపే ఆసక్తిని ఈ క్రమాంకనంపై కూడా చూపాలి. తెరపై కనిపించే అంకె తప్పయితే ఆ నష్టం పూట పూటకూ పాడి రైతు ఖాతాలోనే పడుతుంది.