రిపోర్ట్ నార్మల్, గడ్డ మాత్రం అలాగే ఉంది

అనంతసాగరం లాంటి ఊళ్లో ఓ ఆడమనిషి రొమ్ములో గడ్డ తగిలిందంటే, ఆ మాట ఇంట్లోవాళ్ల చెవిన పడడానికే నెలలు పట్టొచ్చు. నొప్పి లేదు కదా, చూద్దాంలే అనుకుంటారు. తీరా ఆత్మకూరుకో నెల్లూరుకో బయల్దేరితే, "ముందు క్యాన్సర్ రక్తపరీక్ష చేయించండి" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. సీఏ 15-3 నార్మల్ అని కాగితం చేతికొచ్చిందా, ఇక ఆమెని ఆస్పత్రి మెట్లెక్కించడం ఎవరి తరమూ కాదు. నా గొడవంతా ఆ కాగితంతోనే.

సీఏ 15-3 అంటే ఎంయూసీ1 అనే ప్రోటీన్ తాలూకు ముక్క, రక్తంలో కొలుస్తారు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు చాలామందిలో ఇది పెరగనే పెరగదు. ఎముకలకో కాలేయానికో పాకాక ఎక్కువమందిలో పెరుగుతుంది. మనకి సిగ్నల్ కావాల్సిన టైంలో సిగ్నలే లేదన్నమాట! పోనీ నాయిస్ తక్కువా అంటే, కాలేయ జబ్బుల్లోనూ, క్యాన్సర్ కాని కొన్ని రొమ్ము సమస్యల్లోనూ పెరగొచ్చు. ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది కిందికి వచ్చేలా గీత గీశారనుకోండి, ఏ జబ్బూ లేని 1000 మందిలో 50 మంది గీత పైనే తేలతారు. ఆ 50 ఇళ్లలో ఏడుపులు ఎవరి ఖాతాలో వేయాలి?

అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2007లోనే చెప్పింది, జబ్బుని పట్టుకోవడానికీ స్టేజి తేల్చడానికీ దీన్ని వాడొద్దని. పాకిన జబ్బుకి మందులు పనిచేస్తున్నాయా లేదా అని స్కాన్లతో కలిపి చూసుకోవడానికి పనికొస్తుంది. అది చిన్న ఉపయోగమేం కాదు. కానీ హెల్త్ ప్యాకేజీలో కలిపి అమ్మే సరుకు కాదు.

తీవ్రత చెప్పేది సూదితో తీసిన ముక్క. గడ్డ సైజు, చంక గ్రంథులు, గ్రేడు, ఈఆర్, పీఆర్, హెర్2. హెర్2 పాజిటివ్ అంటే ఒకప్పుడు డాక్టర్లే నిట్టూర్చేవాళ్లు. 1998లో ట్రాస్టుజుమాబ్‌కి అమెరికాలో అనుమతి వచ్చాక అదే ఫలితం ఏ మందు వాడాలో చెప్పే గుర్తయింది. మార్కర్ అంటే అదీ!

"బీటెక్ చదువుతున్నావు కదరా, ఈ రిపోర్ట్ చూసి చెప్పు" అని పిన్నో అత్తో వాట్సాప్‌లో ఫొటో పెడితే అంకె చూసి జవాబివ్వకండి. గడ్డ ఉందా, డాక్టరు చేత్తో చూశారా, మామోగ్రామో అల్ట్రాసౌండో తీశారా, బయాప్సీ మాటేమన్నారు అని అడగండి. అడగడానికి సిగ్గేస్తే అక్కచేత అడిగించండి.