ద్వాదశినాటి కాఫీ

కార్తికమాసము ప్రవేశించినది మొదలు టెలివిజనులో ఒక ప్రవచనకారుడు ప్రతిదినము ప్రాతఃకాలమున ఉపవాసమాహాత్మ్యమును బోధించుచున్నాడు. ఉపవాసదినమున తలనొప్పి పుట్టినచో భయపడనక్కరలేదనియు, అది పూర్వసంచితమైన పాపమును దేహమందలి కల్మషమును వెడలిపోవుచున్నందుకు గుర్తనియు, అట్టి సమయమున నీరు త్రాగి వ్రతభంగము చేసికొనుటకంటె నామస్మరణతో ఓర్చుకొనుటయే శ్రేయస్కరమనియు ఆయన సెలవిచ్చెను. ఆ మాట విన్నవారిలో మా వీధిలోని ఒక కోడలుపిల్ల యున్నది. ఆమెకు చిన్ననాటినుండి పార్శ్వపునొప్పి. మొన్నటి సోమవారమునాడు తెల్లవారుజామున చన్నీటిస్నానము చేసి, దీపము పెట్టి, చుక్కలు పొడుచువరకు మంచినీరైన ముట్టనని నియమము పట్టి, ఇంటెడు చాకిరియు చేసి, సాయంకాలమునకు వాంతులు చేసికొనుచు పెరటిగుమ్మములో కూలబడినది. అప్పుడైనను ఆమె నోట నీరు పోసినవారు లేరు. "పొద్దున్న గుడి దగ్గర ఎవరి కళ్లో పడ్డాయే దీనిమీద, ఉప్పూ మిరపకాయలూ తియ్యి" అని అత్తగారు కూతురిని కేకవేసెను. దిష్టి తీసిరి. చుక్కలు కనబడిన పిమ్మట నాలుగు ముద్దలు తినిపించి, మజ్జిగ త్రాగించి, చీకటిగదిలో పడుకోబెట్టిరి. రాత్రికి నొప్పి తగ్గెను. తగ్గించిన కీర్తి మిరపకాయలకు దక్కెను గాని, మజ్జిగనుగూర్చియు అన్నమునుగూర్చియు తలచినవారు లేరు.

మిరపకాయలు నిప్పులో వేసినప్పుడు ఘాటు రాకున్న దిష్టి గట్టిగా తగిలినట్లనియు, ఘాటు వచ్చిన దిష్టి లేనట్లనియు మన యిండ్లలో చెప్పుదురు. ఘాటు వచ్చి, దిష్టి లేదని తమ పరీక్షయే తేల్చినప్పుడు, అట్లయిన ఈ పిల్ల తల యెందుకు నొచ్చుచున్నది, ఇది ఎప్పుడు తిన్నది, ఎప్పుడు త్రాగినది అని విచారించిన గృహమును నేనింతవరకు చూడలేదు.

విచారించిన తెలియుట కష్టముకాదు. శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే యుండు మెదడు, శరీరము విశ్రాంతిగా నున్నప్పుడు వ్యయించు శక్తిలో నూటికి సుమారు 20 పాళ్లు తానొక్కటే కైకొనును. మెదడునకు స్వయముగా నొప్పి తెలియదు. దానిని కప్పిన పొరలకును అందలి రక్తనాళములకును తెలియును. తలనొప్పులను వర్గీకరించిన అంతర్జాతీయ వైద్యుల పట్టికలో ఉపవాసమువలన కలుగు తలనొప్పి ప్రత్యేకముగా చేరియున్నది: కనీసము 8 గంటలు ఆహారము లేకున్నప్పుడు అది పుట్టును, భోజనము చేసిన పిమ్మట తగ్గును, పార్శ్వపునొప్పి యున్నవారికి మరింత తేలికగా వచ్చును. యూదులు యోమ్ కిప్పూర్ పర్వమునాడు అన్నపానములు రెండును విడిచి సుమారు 25 గంటలు ఉపవసింతురు. ఆ దినమునుగూర్చి ఇజ్రాయెల్ వైద్యులు 1995లో ప్రకటించిన పరిశీలనలో ఉపవసించినవారిలో నూటికి 39 మందికి తలనొప్పి రాగా, ఉపవసింపనివారిలో నూటికి ఏడుగురికి మాత్రమే వచ్చెను. రంజాను ఉపవాసములు ఆరంభమైన తొలిదినములలో ముస్లిములయందును ఈ నొప్పినే వైద్యులు గుర్తించిరి. దేవుని పేరు వేరు, ప్రార్థన వేరు, పాపపుణ్యముల లెక్క వేరు. నొప్పి మాత్రము అందరికిని ఒక్కటియే, ఏలయనగా ఆకలి ఒక్కటియే.

ఈ సందర్భమున మా మేనత్త జ్ఞాపకము వచ్చుచున్నది. పసితనముననే భర్తను పోగొట్టుకొని పుట్టింట చేరిన ఆమెకు జీవితములో మిగిలిన సుఖమొక్కటే, తెల్లవారకముందు ఇత్తడిఫిల్టరులో దిగిన చిక్కని డికాక్షనుతో రెండు గ్లాసుల కాఫీ. ఏకాదశినాడు అదియు లేదు. ఇంటిలోని మగవారికి ఏకాదశి యన్న ఫలహారము, ఆమెకు నిర్జలము. పొయ్యిముందు కూర్చుండి తాతయ్యకు ఉప్పుపిండి చేసిపెట్టునది ఆమెయే. మధ్యాహ్నము తిరుగునప్పటికి కణతలు పట్టుకొనును. శొంఠికొమ్మును సానమీద అరగదీసి నుదుట పట్టువేసికొని, తడిగుడ్డతో తల బిగియగట్టి, దీపపువెలుగు సైపక గోడవైపు తిరిగి పడుకొని మూలుగును. నేను మంచినీళ్లచెంబు తీసికొనిపోగా నాయనమ్మ నా చేతినుండి దానిని లాగికొనెను. మరునాడు ద్వాదశిఘడియలలో తులసితీర్థము పుచ్చుకొని, కాఫీ త్రాగిన కొంతసేపటికే మేనత్త లేచి తిరుగుచుండెను. "చూశారా, ద్వాదశి రాగానే ఎలా తీసేసినట్టు పోయిందో!" అని నాయనమ్మ మురిసిపోవుచుండెను.

తీసివేసినది ద్వాదశి కాదు, కాఫీ. రెండు వారములకు పైగా దినమునకు 200 మిల్లీగ్రాములకు మించి కెఫీనునకు అలవాటుపడిన దేహము, అది ఆకస్మికముగా ఆగినచో 24 గంటలలోపల తలనొప్పితో ఎదురుతిరుగుననియు, 100 మిల్లీగ్రాములు మరల అందిన గంటలో ఆ నొప్పి శమించుననియు వైద్యులు నిర్ణయించియున్నారు. అడెనోసిన్ అను పదార్థము మెదడులోని రక్తనాళములను వ్యాకోచింపజేయును. కెఫీను దానిని అడ్డుచుండును. అడ్డు తొలగిననాడు నాళములు ఉబ్బును. ఆకలి, దప్పిక, కాఫీ లేమి, ఈ మూడును ఒకే దినమున ఒకే తలపై పడినప్పుడు ఆ వితంతువు పడిన బాధను పుణ్యమని పిలిచిన కుటుంబము మాది. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు 1881లోనే వితంతువునకు వివాహము చేయించిరి. అంతకాలము గడచిన పిమ్మటను మా యింట ఒక వితంతువునకు మంచినీళ్లు దక్కలేదు. ఆ బాధ నేటికిని నాకు చల్లారలేదు.

ఉపవాసము ఆరోగ్యకరమని శాస్త్రజ్ఞులే చెప్పుచున్నారు గదా యని కొందరు నన్ను ప్రశ్నింతురు. ఆరోగ్యవంతుడొకడు తన యిచ్ఛతో, నీరు త్రాగుచు, కావలసినప్పుడు మానుకొను స్వేచ్ఛతో ఒకపూట భోజనము విడుచుట వేరు. పార్శ్వపునొప్పి గల స్త్రీ, గర్భిణి, ఇన్సులిను వేసికొను మధుమేహరోగి, నలుగురేమనుకొందురోయను భయముతో నీళ్లు సైతము మాని కూలిపోవుట వేరు. పార్శ్వపునొప్పి పురుషులకంటె స్త్రీలలో సుమారు మూడురెట్లు అధికము. మన వ్రతములలో అధికభాగము మోపబడినదియు స్త్రీల నెత్తిమీదనే.

ప్రాచీనశాస్త్రములను తామే కాపాడుచున్నామను వారికి ఒక మాట. చరకసంహిత సిద్ధిస్థానమున అర్ధావభేదకమను పార్శ్వపునొప్పికి చెప్పిన కారణములలో రూక్షాహారము, తిన్నదానిపై మరల తినుట, మలమూత్రాది వేగములను బలవంతముగా ఆపుట, అతిశ్రమ ఉన్నవి. పరుల కన్ను ఆ పట్టికలో లేదు. అందలి వైద్యమునంతటిని నేడు అంగీకరింపనక్కరలేదు గాని, తల నొచ్చిన మనుష్యుని తిండినిగూర్చి అడుగవలెనను ఇంగితము ఆ వైద్యునికి ఉండెను.

తిండిని అనుమానించుటలోను తొందరపాటు కూడదు. మద్యము చాలమందికి ఈ నొప్పిని రేపునది నిజమే; కాని చాకొలెట్ తిన్నందుననే నొప్పి వచ్చినదని చెప్పువారిలో కొందరికి, నొప్పి లోలోపల ఆరంభమైన పిమ్మటనే తీపిపై ఆ కోరిక పుట్టుచున్నదని వైద్యులు గమనించిరి. ఎవరికేది పడదో తెలియుటకు తినినవేళ, త్రాగినవేళ, నొప్పి వచ్చినవేళ ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుట మంచిది. నెలలో 15 దినములకు పైగా నొప్పిమాత్రలు మ్రింగుచు నెలలు గడపువారికి ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెట్టును.

అమ్మలారా, అత్తలారా, ఇంటి ఆడపిల్ల తల పట్టుకొని కూర్చున్నప్పుడు మొదట నీళ్లియ్యుడు, పిమ్మట అన్నము పెట్టుడు. అది ఏకాదశియైనను, కార్తికసోమవారమైనను సరే. మున్నెన్నడెరుగని భయంకరమైన నొప్పి ఒక్కసారిగా వచ్చినను, జ్వరముతో మెడ బిగిసినను, మాట తడబడినను, ఒక ప్రక్క కాలుసేతులు పట్టుదప్పినను, ఉప్పు మిరపకాయలకై వంటింటిలోనికి పోక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు.