నానోజెల్‌లు: పదార్థం కంటే ముందు పరీక్ష

ఔషధాన్ని అవసరమైన చోట విడుదల చేయడానికి వైద్యరంగంలో పరిశోధిస్తున్న ఉష్ణోగ్రతా స్పందక నానోజెల్‌లు వ్యవసాయ పరిశోధకులనూ ఆకర్షిస్తున్నాయి. నీటిని, పోషకాలను, సస్యరక్షణ మందులను మొక్కకు క్రమంగా అందించే వాహకాలుగా వీటిని మలచాలన్న ఆలోచన సమంజసమే. అయితే వైద్యరంగం నుండి ఈ పదార్థాన్ని స్వీకరించేవారు అక్కడి పరీక్షా విధానాన్ని కూడా స్వీకరించవలసి ఉంటుంది.

ఈ కోవలో విస్తృతంగా అధ్యయనం చేయబడినది పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్. దీని మైక్రోజెల్ తయారీని 1986లో పెల్టన్, చిబాంటే ప్రకటించారు. మోనోమర్‌ను, పాలిమర్ గొలుసులను పరస్పరం బంధించే మిథిలీన్ బిస్ అక్రిలమైడ్‌ను నీటిలో కరిగించి, నత్రజని వాతావరణంలో సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వద్ద పర్‌సల్ఫేట్‌తో చర్యను ప్రారంభిస్తారు. ఏర్పడిన జెల్ సుమారు 32 డిగ్రీల లోపు నీటిని పీల్చి ఉబ్బుతుంది; అది దాటితే నీటిని వదలి కుంచించుకుపోతుంది. నీటితో పొత్తు కలిగిన సహమోనోమర్‌ను చేర్చి ఈ హద్దును శరీర ఉష్ణోగ్రతయైన 37 డిగ్రీల వైపు పెంచవచ్చు.

జెల్ తయారైనంత మాత్రాన పని ముగియదు. మిగిలిన మోనోమర్ కణాలకు హానికరం కనుక డయాలసిస్‌తో దానిని తొలగిస్తారు. వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద కణ పరిమాణాన్ని కాంతి పరిక్షేపణంతో కొలుస్తారు. శుద్ధజలంలో లభించిన ఫలితంతో తృప్తిపడక, లవణాలు, రక్త ప్రోటీన్లు ఉన్న ద్రవాలలోనూ పరీక్షిస్తారు.

వ్యవసాయానికి అవసరమైన పాఠం ఇదే. లవణాలు పరివర్తన ఉష్ణోగ్రతను తగ్గిస్తాయి. ఆమ్ల సమూహాలున్న జెల్‌ల ఉబ్బుదలను కాల్షియం అణచివేస్తుంది. రాయలసీమ, తెలంగాణ మెట్ట నేలల పైపొర వేసవి పగటివేళ 32 డిగ్రీలను సులభంగా దాటుతుంది. అటువంటి నేలలో ఈ జెల్, పైరుకు నీరు అత్యవసరమైన వేళ నీటిని నిలుపుకోలేదు. పైగా దీని కార్బన్ వెన్నెముక నేలలో సులభంగా విచ్ఛిన్నం కాదు. రోగికిచ్చే మోతాదు స్వల్పం. పొలంలో మాత్రం ఏటేటా వేసినది పోగుపడుతుంది.

కనుక సెల్యులోజ్ ఆధారిత మార్గాలకు ప్రాధాన్యమివ్వడం ఉచితం. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన పూసా హైడ్రోజెల్ ఆ దిశను చూపింది. వేడికి స్పందించే మిథైల్ సెల్యులోజ్ వంటివి కూడా పరిశీలనార్హమే.

నేల ద్రావణంలో, నేల ఉష్ణోగ్రత వద్ద జెల్ ఎలా ప్రవర్తించింది? మిగులు మోనోమర్ ఎంత? పంటకాలం తరువాత నేలలో ఏమి మిగిలింది? ఈ మూడు ప్రశ్నలకు విద్యార్థి సిద్ధాంత వ్యాసంలో సమాధానం లభించిన తరువాతే, విస్తరణ శాస్త్రవేత్త ఆ జెల్‌ను రైతు పొలంలో ప్రదర్శనకు తీసుకువెళ్లాలి.