మట్టి పలికిన పురాణము
పురాణములలోని రాజవంశావళులను పుక్కిటి కథలని పెదవి విఱుచువారు గోదావరీతీరమందలి కోటిలింగాల దిబ్బను దలఁచుకొనవలెను. ఏలయన మత్స్యపురాణము శిశుకుఁడనియు, వాయుపురాణము సింధుకుఁడనియు, విష్ణుపురాణము శిప్రకుఁడనియుఁ జెప్పిన శాతవాహన మూలపురుషుఁడు, అచ్చట దొరకిన నాణెములపై బ్రాహ్మీలిపిలో ‘ఛిముక’ యను పేరుతోఁ బ్రత్యక్షమైనాఁడని పెక్కుమంది చరిత్రకారుల నిర్ణయము. కరీంనగరు ప్రాంతమునందే ధూళికట్ట స్తూపపు ఫలకములపైఁ బడగలు విప్పియున్న ముచిలిందుఁడు, ధ్యానమగ్నుఁడైన బుద్ధునికి వానతడి సోకకుండఁ గాచిన నాగరాజు, నాగులచవితినాఁడు మన తల్లులు పాలుపోయు పుట్టలోని స్వామికి దూరపుఁ జుట్టమేమో యని నాకుఁ దోఁచును. శాస్త్రజ్ఞులు నవ్వినను నవ్వుదురుగాక. కథ నిజమా కల్లయా యని వాదించుటకంటె మట్టిని అడుగుట మేలు. ఆ మట్టి పెద్దబంకూరులో సుమారు 22,000 నాణెములతో బదులు పలికినది. కాని కోటిలింగాల యంచులకు ఎల్లంపల్లి జలాశయపు నీరు చేరినది. మిగిలిన భాగమునైనను ప్రభుత్వము జాగుసేయక త్రవ్వింపవలెను.