వర్తకుల తగవు - పక్షం వెతికే పండితులు

అమెరికా, చైనాల తగవు ముదిరినప్పుడల్లా మన మేధావులలో రెండు వాదనలు వినవస్తాయి. ఇంత వ్యాపారం వున్న దేశాలు కొట్లాటకు పోతాయా, లాభనష్టాలు తెలిసినవాళ్లు తామే సర్దుకుంటారు అనేది మొదటిది. అమెరికాను ఎదిరించేవాడెవడైనా మనవాడే అనేది రెండవది.

మొదటి వాదనకు సమాధానం 1914లోనే వచ్చింది. బ్రిటన్, జర్మనీలు అప్పటికి ఒకరి సరుకు ఒకరు భారీగా కొంటున్న దేశాలే. యుద్ధం గెలిచినవాడికి కూడా గిట్టదని 1910లో నార్మన్ ఏంజెల్ వాదించాడు. గిట్టదన్న మాటా నిజమే, నాలుగేళ్లకు యుద్ధం వచ్చిన మాటా నిజమే. పెట్టుబడిదారులు కలహాలు మాని ఏకమై లోకాన్ని పంచుకునే దశ రావచ్చునన్న కౌట్‌స్కీ వ్యాసం అచ్చయ్యేసరికి ఫిరంగులు మోగుతూనే వున్నాయి. లెనిన్ దానికేమి జవాబిచ్చాడో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

నా పేచీ రెండవ వాదనతో. అది మన ఇంటి వాదన.

2018 జూలై 6న అమెరికా 3,400 కోట్ల డాలర్ల చైనా సరుకు మీద 25 శాతం సుంకం విధించింది. చైనా వెంటనే అంతకంతా బదులు వేసింది. ఆ జూలైలోనే మరొకటి జరిగింది. దాన్ని గురించి మన సభలలో ఒక్క తీర్మానం కూడా నేను వినలేదు. షెన్‌జెన్‌లో జాసిక్ అనే వెల్డింగ్ యంత్రాల కర్మాగారంలో కార్మికులు తమ సంఘం తాము పెట్టుకోబోయారు. జరిమానాలు, పనివేళలు వారి ఫిర్యాదులు. యాజమాన్యం కొందరిని పనిలోంచి తీసేసింది. జూలై 27న పోలీసులు సుమారు 30 మందిని పట్టుకుపోయారు. వారికి అండగా వెళ్లినవారెవరు? పెకింగ్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల మార్క్సును చదువుకుంటున్న విద్యార్థులు! ఆగస్టు 24న వారి బసమీద కూడా దాడి జరిగింది. మార్క్సు పేర నడిచే రాజ్యం, మార్క్సును చదివి కార్మికుల దగ్గరకు పోయినవారిని నిర్బంధించింది. చప్పట్లు కొట్టే మిత్రులు దీన్ని ఏ అధ్యాయంలో చేరుస్తారు?

"అమెరికా చుట్టుముడుతుంటే చైనా చేతులు ముడుచుకోవాలా?" అని అడుగుతారు. చుట్టుముట్టడం అబద్ధం కాదు. ఆకస్ కూటమి, ఫిలిప్పీన్స్‌లో కొత్త స్థావరాలు, 2022 అక్టోబరులో చిప్పుల ఎగుమతిపై ఆంక్షలు - ఇవన్నీ సామ్రాజ్యవాద చర్యలే, ఖండించవలసినవే. కాని దొంగను దొంగ అనడానికి వాడితో వాటా పంచుకున్నవాణ్ణి దొర అనాలా?

వాటా అన్నది ఉత్తమాట కాదు. ఆంక్షలు పెట్టిన ఆ 2022లోనే ఉభయుల సరుకుల వ్యాపారం సుమారు 69,000 కోట్ల డాలర్లకు చేరి రికార్డు సృష్టించింది. ఆ లెక్కలు వెలువడింది 2023 ఫిబ్రవరిలో, చైనా బెలూనును అమెరికా కూల్చి, విదేశాంగ మంత్రి బీజింగ్ ప్రయాణాన్ని వాయిదా వేసుకున్న రోజులలోనే! 2025 ఏప్రిల్‌లో సుంకాలు ఒకవైపు 145, రెండోవైపు 125 శాతానికి ఎక్కాయి. ఆ వేడిలోనే ఫోన్లకు, కంప్యూటర్లకు అమెరికా పెద్ద మినహాయింపు ఇచ్చింది. చైనా రేర్ ఎర్త్ ఖనిజాలను బిగబట్టేసరికి మే నెలలో జెనీవాలో కూర్చున్నారు, అక్టోబరు 30న బూసాన్‌లో చేతులు కలిపారు. మధ్యలో నలిగింది సోయా రైతు. అతనికి సహాయం ప్రకటించారు గాని, అది కూడా అక్కడి ప్రజల పన్నుల సొమ్మే. ఝెంగ్‌ఝౌలో ఐఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్ కార్మికులు 2022 నవంబరులో జీతం మాట తప్పారని తిరగబడితే, వారిని కొట్టిన లాఠీ చైనాది, ఆ ఫోను మీద లాభం అమెరికా కంపెనీది. ఆనాడు ఏ కాన్సులేటూ మూతపడలేదు.

ఇక్కడ మన పాలకులు చైనా విడిచే కర్మాగారాలు మన గుమ్మంలో దిగుతాయని ఎదురుచూస్తున్నారు. కొంగర కలాన్‌లో ఫాక్స్‌కాన్ దిగనే దిగింది. పెట్టుబడులను ఆకర్షించాలంటూ 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచేందుకు ఆమోదించింది. మరుసటి నెలలో తెలంగాణ వాణిజ్య సంస్థలకు 10 గంటలు అనుమతించింది. బీజింగా, వాషింగ్టనా అని మన కాలేజీలలో వాదులాట సాగుతూండగానే ఆ గంట పెరిగింది.