తండా పిల్లకు లేని ప్రపంచ చరిత్ర ఎవరికోసం?

పదో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకం తెరవండి. ఢిల్లీలో ఎన్సీఈఆర్టీ రాసింది, ఆంధ్రప్రదేశ్ సర్కారు 2024లో తన బడుల్లోకి తెచ్చుకుంది. ప్రపంచం ఒక్క బజారుగా మారిన తీరు చెప్పే అధ్యాయంలో, ఒప్పంద కూలీలుగా సముద్రాలు దాటినోళ్లు ఎక్కువగా ఎక్కడివాళ్లో రాశారు. తూర్పు ఉత్తరప్రదేశ్ ఉంది, బీహార్ ఉంది, మధ్య భారతం ఉంది, తమిళనాడు మెట్ట జిల్లాలున్నాయి. మరి తెలుగోడు? లేడు!

1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలో తెలుగు కూలీలు లేరా? మారిషస్ చెరుకు తోటల్లో విరిగిన నడుముల్లో మనవి లేవా? ఆ దేశపు బడుల్లో ఇప్పటికీ తెలుగు పాఠం చెప్తున్నారు. మన బడిలో మాత్రం ఆ ముచ్చట లేదు.

ఎ.కొండూరు మాట చెప్తాం. తిరువూరు పక్క మండలం, మా ఖమ్మం సరిహద్దుకు అవతలిది. 2014 జూన్ 2న గీత పడ్డది కదా, వాళ్ల బడి సంగతి మీకెందుకు అంటారేమో. ‘మా చరిత్ర ఏది?’ అని రోడ్డెక్కినోళ్లం మేము. ఆ ప్రశ్న మా గుమ్మం దగ్గర ఆగిపోతే, మేము అడిగింది చరిత్రా, వాటానా?

ఆ మండలం నిండా లంబాడీ తండాలు. వాళ్ల తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగిన వర్తకులు. రైలు వచ్చింది, ఎడ్ల బేరం పోయింది. 1871లో తెల్లోడు నేరస్థ తెగల చట్టం తెచ్చి, సంచార జాతులెన్నిటినో పుట్టుదొంగలన్నాడు. అదే అధ్యాయంలో 1890లలో ఆఫ్రికా పశువులను మింగిన మహమ్మారి కథ ఉంది. మందలు పోయినోళ్లు గనుల్లో, తోటల్లో కూలీకి పోక తప్పలేదు. అక్కడ రోగం, ఇక్కడ రైలు. పశువు మీద బతికినోడు రెండు చోట్లా కూలోడైండు. ఈ ఒక్క ముక్క కలిపి చెప్తే తండా పిల్ల ఆఫ్రికాను మరచిపోతుందా? కానీ పరీక్షలో రాదు కదా! గైడులో ఉన్న రెండు మార్కుల జవాబు బట్టీ పట్టిస్తే సరి.

‘కూలోళ్ల పిల్లలకు యూరప్ గొడవలెందుకు, పాసైతే చాలు’ అనే పెద్దమనుషులున్నారు. వాళ్ల పిల్లలు మాత్రం అమెరికా పోవాలె! ఎ.కొండూరు పేరు ఏళ్ల తరబడి పేపర్లకెక్కింది కిడ్నీ జబ్బుతోనే. కారణం పూర్తిగా తేలని అలాంటి జబ్బే శ్రీలంక వరి రైతులను, నికరాగువా చెరుకు కూలీలను తింటున్నది. ఎండలో ఒళ్లు వంచేటోళ్లకే ఇది ఎందుకు వస్తున్నదని తండా పిల్ల అడగొద్దా? అడగాలంటే నికరాగువా ఎక్కడుందో, అక్కడ చెరుకు ఎవరు నాటించిండ్రో తెలియాలె. అది తెలిసిన పిల్ల మంచినీళ్ల ట్యాంకరు కోసం బిందె పట్టుకొని ఊరుకోదు, నిలదీస్తది. పాలకులకు అదే భయం.

సాంఘికశాస్త్రం సార్లను మేము అడిగేది ఒక్కటే. సిలబస్ మారేదాకా ఆగకండి. ఆ కూలీల పేజీ వచ్చిన రోజు పుస్తకం మూసి, మీ తాతల ఎడ్లు ఏమైనయో ఇంట్లో అడిగి రమ్మని పిల్లలను పంపండి. మర్నాడు వాళ్లు తెచ్చిన జవాబుతో పాఠం మొదలుపెట్టండి.